పెళ్ళి కోసం మళ్ళీ బాప్తిస్మమా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. మూడు నెలల పసిదానిగా ఉన్నప్పుడు నాకు బాప్తిస్మం ఇప్పించారు. పదహారో ఏట ఆ విశ్వాసాన్ని నా నోటితో సంఘం ముందు ఒప్పుకుని కన్ఫర్మేషన్ తీసుకున్నాను. ఇప్పుడు ఒంగోలు వైపు బాప్టిస్టు సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు. కానీ వాళ్ళ సంఘం పాస్టరు అయ్యగారు, చిన్నప్పుడు చిలకరించింది బాప్తిస్మమే కాదు, పెళ్ళికి ముందు నీళ్ళలో మునిగి తీసుకోవాల్సిందే అంటున్నారు. 'అయితే ఇరవై ఆరేళ్ళూ నా కూతురు క్రైస్తవురాలు కాదా?' అని మా నాన్న రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. కార్డులు అచ్చు వేయించేశాం, నెలన్నరే టైముంది. ఒకటే బైబిల్ చదివేవాళ్ళకి ఇన్ని తేడాలెందుకు? నేనేం చెయ్యాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివి కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. నువ్వు గుంటూరు నుంచి ఒంగోలు వెళ్తున్నావు. నేను 1978లో ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంటి నుంచి గుంటూరు లూథరన్ ఇంటికి కోడలిగా వచ్చాను. అందుకే నీకు పుస్తకంలో ఉన్న జవాబు ఒక్కటే రాసి ఊరుకోలేను.

నా బాప్తిస్మం గుండ్లకమ్మలో జరిగింది. నాకప్పుడు పదిహేనేళ్ళు. వానలు పడి ఏట్లో నడుము లోతు నీళ్ళున్నాయి. తెల్లచీర నీళ్ళలో పైకి తేలకుండా మా అమ్మ దాని అంచులో చిన్న చిన్న గులకరాళ్ళు పెట్టి కుట్టింది. ఒడ్డున సంఘమంతా పాడుతోంది. అయ్యగారు నా ముక్కు మీద గుడ్డ అదిమి, వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చారు. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళి పాట ఒక్కసారిగా ఆగిపోయింది. పైకి లేవగానే మళ్ళీ వినిపించింది. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడ్డామని రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు రాసిన మాట అంతకుముందు నేను కంఠతా పట్టిందే. అది నా ఒంటికి తెలిసింది మాత్రం ఆ పాట ఆగిన క్షణంలోనే. మీ కాబోయే అత్తవారి సంఘం దేన్ని నీకివ్వాలనుకుంటోందో నాకు తెలుసని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పుడు లూథరన్ అయ్యగారు నన్ను మళ్ళీ బాప్తిస్మం అడగలేదు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో జరిగితే వాళ్ళకు చాలు, ముంచినా పోసినా ఒకటే. చిక్కు మా పెద్దబ్బాయి పుట్టాక వచ్చింది. నాలుగో నెలలో బాప్తిస్మం పెట్టుకున్నారు. 'పసివాడికేం తెలుసని?' అంది మా అమ్మ. మా అత్తగారు నెమ్మదస్తురాలు, అయినా ఊరుకోలేదు. 'పాలిచ్చేటప్పుడు వాణ్ణి అడిగే ఇస్తున్నామా వదినగారూ?' అంది. 'పాలు మనం పట్టొచ్చు, వాడి ఆకలి మనం పడలేం కదా వదినగారూ' అంది మా అమ్మ. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద పండితులు రాసినవి చాలా చదివాను. ఈ విషయం మీద ఆ ఇద్దరూ మా వంటింటి గడపలో నిలబడి అన్న రెండు మాటలను మించింది నాకు దొరకలేదు.

క్రైస్తవులు విడిపోయింది సరిగ్గా అక్కడే. బాప్తిస్మంలో పని చేసేది ఎవరు? దేవుడే చేస్తాడు, మనిషి చేతులు చాచి పుచ్చుకుంటాడు అంటారు లూథరన్లు, కేథలిక్కులు, ఆర్థడాక్సులు. అలాంటప్పుడు చేతులు చాచడం కూడా రాని పసివాడికి ఇవ్వడం తప్పెలా అవుతుంది? బాప్టిస్టులు, బ్రదరన్ వారు, పెంతెకొస్తు వారు అలా అనరు. దేవుడు ముందే హృదయంలో పని చేశాడు, దానికి మనిషి అందరి ముందూ చెప్పే జవాబే బాప్తిస్మం అంటారు. జవాబైతే చెప్పగలిగే వయసు రావాలి. మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు పాత నిబంధనలో ఎనిమిదో రోజు సున్నతి చేసినట్టు ఇది నిబంధన గుర్తు అంటారు. వాళ్ళూ పిల్లలకు ఇస్తారు.

ముంచడమా చిలకరించడమా అన్న గొడవ పైకి పెద్దగా వినిపిస్తుంది గాని, చరిత్ర చూస్తే అది రెండో మెట్టు. గ్రీకులో బాప్తిస్మం అనే మాటకు మూలం ముంచడమే. ఇక్కడ మీ అత్తవారి అయ్యగారిది న్యాయమైన మాట. ఐతే డిడాకే అని తొలి క్రైస్తవుల కాలపు చిన్న పుస్తకం ఒకటుంది. పారే నీళ్ళలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్ళలో ఇవ్వండి, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పోయండి అని అందులో ఉంది. గ్రీకు, రష్యన్ ఆర్థడాక్సు సంఘాలు నెలల పసిబిడ్డను మూడుసార్లు నీళ్ళలో ముంచి తీస్తాయి. ఇక 1525 జనవరి 21 రాత్రి జూరిక్‌లో కొద్దిమంది ఒక ఇంట్లో కూడారు. కాన్రాడ్ గ్రేబెల్ అనే అతను జార్జ్ బ్లౌరాక్‌కు బాప్తిస్మమిచ్చాడు. పెద్దవాళ్ళ బాప్తిస్మం ఐరోపాలో మళ్ళీ మొదలైంది ఆ రాత్రే. వాళ్ళు ముంచలేదు, తల మీద నీళ్ళు పోశారు. ముంచినవాళ్ళంతా పెద్దలకే ఇచ్చారనీ, పోసినవాళ్ళంతా పిల్లలకే ఇచ్చారనీ అనుకోవడానికి లేదన్నమాట.

వాళ్ళను ఊరు 'అనాబాప్టిస్టులు', అంటే మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు అని పిలిచింది. ఆ పేరును వాళ్ళు ఒప్పుకోలేదు. మొదటిది బాప్తిస్మమే కానప్పుడు ఇది మళ్ళీ ఎలా అవుతుందన్నారు. మీ అత్తవారి అయ్యగారు నీతో అన్నదీ అదే. ఆయన నిన్ను చిన్నబుచ్చాలని అన్నారని నేననుకోను. ఆయన నమ్మకంలోంచి చూస్తే ఇంకో మాట రాదు. అయితే ఆ మాట మీ నాన్నగారికి ఎలా తగిలిందో కూడా నాకు తెలుసు. ఆ రోజు ఆయన నిన్నెత్తుకుని చర్చిలో నిలబడి, నీ తరఫున 'నమ్ముతున్నాం' అని చెప్పాడు. ఇప్పుడు ఆ 'నమ్ముతున్నాం' చెల్లదంటున్నారు. జూరిక్‌లోనైతే ఈ తగాదా ప్రాణాల మీదికి వచ్చింది. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది ప్రొటెస్టెంటు సంస్కరణ వైపు నిలిచిన క్రైస్తవ నగరమే. దీన్ని చదివినప్పుడల్లా నాకు గుండ్లకమ్మ గుర్తొస్తుంది, మనసు కలుక్కుమంటుంది.

బైబిల్ ఒకటే కదా అన్నావు. ఒక్క వచనం చూద్దాం. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీ చెరసాల నాయకుడు, 'అతని ఇంటివారందరు' రాత్రికి రాత్రే బాప్తిస్మం పొందారని ఉంది. ఇంటివారంటే ఇంట్లో పిల్లలుండరా అంటారు మావాళ్ళు, అంటే ఈ ఇంటివాళ్ళు. ఆ ఇంటివారందరికీ ముందు వాక్యం బోధించారని పై వచనంలోనే ఉంది, చంటిపిల్లలకు బోధిస్తారా అంటారు మా పుట్టింటివాళ్ళు. చంటిపిల్లలు ఉన్నారనీ రాయలేదు, లేరనీ రాయలేదు. కొత్త నిబంధనలో కనిపించేవాళ్ళు ఎక్కువగా మొదటి తరం. అప్పుడే నమ్మినవాళ్ళు, అప్పుడే నీళ్ళలో దిగినవాళ్ళు. క్రైస్తవుల ఇంట పుట్టిన రెండో తరం పిల్లల సంగతి నేరుగా ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీలోనే ఇన్ని సంఘాలు నిలబడ్డాయి. సుమారు 200 సంవత్సరం నాటికే ఉత్తరాఫ్రికాలోని కార్తేజులో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత పసిపిల్లలకు తొందరపడొద్దని రాశాడు. వద్దని రాయాల్సి వచ్చిందంటే అప్పటికే ఇస్తున్నారనే కదా. మరో యాభై ఏళ్ళకు అదే కార్తేజులో బిషప్పు సిప్రియన్, ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కర్లేదన్నాడు.

మన దగ్గర ఇంకో సంగతుంది. నువ్వు లూథరన్‌వి, నేను బాప్టిస్టును కావడానికి మన పూర్వీకులు ఈ వాదనలన్నీ విని తేల్చుకోవడం కారణం కాదు. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. నరసాపురం చుట్టుపక్కల బ్రదరన్ వారు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. మన తాతల ఊరికి ఎవరు ముందు నడిచొచ్చారో వాళ్ళ నీళ్ళే మనకు దక్కాయి. ఇది గుర్తుంటే ఒకరినొకరు కాస్త మెత్తగా చూసుకుంటాం.

ఇప్పుడు నీ సంగతికొస్తాను. దానికి ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. పనిలోకి వచ్చినవాళ్ళు ప్రసంగాలు విన్నారు, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, అన్నం కోసం అడుగుతున్నారేమోనని, కరువు పనులు ముగిసేదాకా ఆపేశారు. పనులైపోయి, ఆయన చేతిలో ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా వాళ్ళు వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. మా నాయనమ్మకు నాయనమ్మ ఆ 2,222 మందిలో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు.

నీకు కాబోయే అత్తవారి సంఘం ఆ వేర్ల నుంచి వచ్చిందే. అందుకే అయ్యగారి దగ్గర కూర్చుని ఒక్కటి అడుగు: 'అయ్యగారూ, అన్నం కోసం బాప్తిస్మం వద్దని ఆనాడు ఆగారు కదా, పెళ్ళి కోసం తీసుకోమని నన్నెలా అడుగుతున్నారు?' ఇది ఎదురుమాట కాదమ్మా, వినయంగానే అడుగు. సొంత విశ్వాసంతో చెప్పే జవాబే బాప్తిస్మమైతే, ఫంక్షన్ హాలు డేటు చూసుకుని చెప్పే జవాబు వాళ్ళ లెక్కలోనే చెల్లదు. ఒక బాప్టిస్టు బిడ్డగా ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. నిజంగా నమ్మి ముంచేవాడు అసలు ముందుగా అడగాల్సింది నీకు ఆ కోరిక ఉందా లేదా అని.

నీకు ఆ కోరిక ఉందా? ఆ సంగతి నీ ఉత్తరంలో లేదు. నాన్న ఏమన్నారో, అయ్యగారు ఏమన్నారో రాశావు, నువ్వేమనుకుంటున్నావో రాయలేదు. పెళ్ళి పనుల మధ్య తలుపేసుకుని ఒక్క గంట కూర్చో. చిన్నప్పుడు జరిగినదాన్ని నీ కన్ఫర్మేషన్ రోజున 'అవును, ఇది నాది' అని నీ నోటితో ఒప్పుకున్నావు. అది నీకు నిజమైతే, దాన్ని కాదనుకుని నీళ్ళలో దిగడం అబద్ధం చెప్పడమే అవుతుంది. అలా దిగొద్దు. ఒకవేళ ఏడాదికో అయిదేళ్ళకో, ఆ సంఘంలో కూర్చుని వాక్యం వింటుండగా, నీ అంతట నీకే దిగాలనిపిస్తే అప్పుడు దిగు. దిగేముందు మీ నాన్నగారికి నీ నోటితో నువ్వే చెప్పు.

పెళ్ళికి చట్టం అడ్డు రాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఏ నీళ్ళు, ఎన్ని నీళ్ళు అని అడగదు. అక్కడ ఒప్పుకోకపోతే మీ చర్చిలో మీ అయ్యగారే పెళ్ళి చేయొచ్చు. కానీ అబ్బాయితో మాత్రం ఇప్పుడే కూర్చుని మాట్లాడు. రేపు ఆ సంఘంలో ప్రభువు బల్లలో నీకు చోటుంటుందా, లేక ఆయన రొట్టె తీసుకుంటుంటే నువ్వు వెనక బెంచీలో కూర్చోవాలా? పిల్లలు పుడితే ఎత్తుకుని ఏ చర్చికి వెళ్తారు? ఈ రెండూ కార్డులు పంచకముందే తేల్చుకోవాలి. నేను తేల్చుకోలేదు. దాని ఫలితం, మా అబ్బాయి బాప్తిస్మానికి మా అమ్మ రాలేదు. వెండి గిన్నెలోంచి అయ్యగారు మూడుసార్లు నీళ్ళు తీసి పోస్తే వాడు మొదటిసారి ఉలిక్కిపడ్డాడు, రెండోసారి ఏడ్చాడు, మూడోసారి నా చీర చెంగు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. ఆ చెంగుతోనే మా అత్తగారు వాడి నెత్తి తుడిచింది. నేను వాకిలి వైపు చూస్తూనే ఉన్నాను.

మా అమ్మ వాడి కన్ఫర్మేషన్‌కు వచ్చింది. పదిహేనేళ్ళవాడు సంఘం ముందు నిలబడి లూథర్ ప్రశ్నోత్తరి అప్పజెప్పాడు. నీళ్ళు ఇంత గొప్ప పని ఎలా చేస్తాయన్న ప్రశ్నకు, చేసేది నీళ్ళు కాదు, నీళ్ళతో కలిసి ఉన్న దేవుని వాక్యమూ దాన్ని నమ్మే విశ్వాసమూ అని చెప్పాడు. బయటికొచ్చాక అమ్మ మా అత్తగారి చెయ్యి పట్టుకుని, 'నేనడిగింది ఇదే కదా వదినగారూ' అంది. 'మేము మొదలుపెట్టిందీ దీనికోసమే' అంది ఆమె. ఇద్దరూ తమ తమ మాట మీదే ఉన్నారు, ఇద్దరూ ఒకే పంక్తిలో భోంచేశారు. నన్నడిగితే, నా చేతిలో ఉండుంటే నేను మా అబ్బాయి పెద్దవాడయ్యేదాకా ఆగేదాన్ని. అయినా వాడి తల మీద పోసిన నీళ్ళు ఉత్త నీళ్ళని నేను అనలేను.

ఇది పెద్ద స్థాయిలోనూ జరిగింది. 1970లో ఉత్తర భారత సంఘం ఏర్పడినప్పుడు పిల్లలకు బాప్తిస్మమిచ్చేవాళ్ళూ, బాప్టిస్టులూ, 'చర్చ్ ఆఫ్ ద బ్రదరన్' అనే వేరే సంఘం వారూ అందులో కలిశారు. రెండు పద్ధతులనూ ఒకే సంఘంలో ఉండనిచ్చారు. కాబట్టి ఒక్క ఇంట్లో కుదరదని ఎవరన్నా నమ్మకు.

మీ నాన్నగారిని ముందు అన్నం తినమను. నేను చెప్పానను.

ప్రశ్న: మేము మత్తయి 28:19 ప్రకారం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం పొందాం. కొత్తగా వచ్చిన సేవకుడొకాయన అది చెల్లదని, అపొస్తలుల కార్యములు 2:38లో ఉన్నట్టు యేసు నామంలోనే తీసుకోవాలని అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ వాదం మొదలై వందేళ్ళు దాటింది. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర అరోయో సెకోలో జరిగిన పెంతెకొస్తు కూటాల్లో ఇది పైకి లేచింది. 1916 నాటికి అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ రెండుగా చీలింది. యేసు నామం అన్నవాళ్ళలో చాలామంది త్రిత్వాన్నే, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్నే, ఒప్పుకోరు, కాబట్టి ఇది నోటితో పలికే మాటతో ఆగే తేడా కాదు. నా మట్టుకు నాకు, మత్తయిలో ఉన్నది ప్రభువు నోటి మాట. కార్యములలో 'యేసుక్రీస్తు నామమున' అంటే ఆయన అధికారం కింద, ఆయనవారుగా అని అర్థం చేసుకుంటాను. కేథలిక్కు, ఆర్థడాక్సు, లూథరన్, బాప్టిస్టు, ఇన్ని విషయాల్లో విడిపోయినవాళ్ళంతా ఈ ఒక్కదానిలో కలిసే ఉన్నారు. మీకు జరిగింది చెల్లుతుంది. టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: మేము ఆర్‌.సి.ఎం. అంటే రోమన్ కేథలిక్ వాళ్ళం. మా చెల్లెలికి నెలలు నిండకుండా బాబు పుట్టి నాలుగో రోజు ఆసుపత్రిలోనే పోయాడు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించే వ్యవధి లేకపోయింది. దగ్గరి బంధువొకామె 'జ్ఞానస్నానం లేని బిడ్డకు పరలోకం లేదు' అంది. అప్పటి నుంచి చెల్లెలు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు.
– ఒక అక్క, ఏలూరు

జవాబు: అమ్మా, ఆ బంధువు అన్నది మీ సంఘం బోధ కాదు. ముందు ఇది మీ చెల్లెలికి చెప్పండి, ఇవాళే చెప్పండి.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అయిదో శతాబ్దంలో అగస్టీను అనే బిషప్పు ఈ విషయంలో కఠినంగా రాశాడు. తర్వాతి వాళ్ళు ఆ కాఠిన్యాన్ని తట్టుకోలేక, బాధ ఉండదు గాని దేవుని దర్శనమూ ఉండదు అంటూ 'లింబో' అనే చోటు ఒకటి ఊహించారు. అది శతాబ్దాల పాటు జనం నోళ్ళలో ఉండిపోయింది గాని, కేథలిక్ సంఘం దాన్ని ఎప్పుడూ తప్పక నమ్మాల్సిన విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. 1992 నాటి కేథలిక్ ధర్మబోధ గ్రంథం, జ్ఞానస్నానం లేకుండా పోయిన బిడ్డలను దేవుని కరుణకు అప్పగిస్తున్నామని చెప్పింది. 'చిన్నబిడ్డలను నా యొద్దకు రానియ్యుడి' అన్న ప్రభువు మాటనే అక్కడ ఆధారంగా చూపింది. 2007లో పోప్ బెనెడిక్ట్ సమ్మతితో వేదాంతుల సంఘం ఒక పత్రం విడుదల చేసింది. ఆ బిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని అందులో రాశారు.

ఇది చదివే అందరికీ ఒక సంగతి. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే ఫాదర్‌గారు వచ్చేదాకా ఆగనక్కర్లేదని కేథలిక్ సంఘమే చెబుతుంది. తల్లయినా, తండ్రయినా, నర్సయినా తల మీద నీళ్ళు పోసి 'తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అంటే చాలు. మీ చెల్లెలికి మాత్రం ఇది ఇప్పుడు చెప్పకండి. తనే చేసి ఉండాల్సిందని కుమిలిపోతుంది. అద్దాల పెట్టెలో గొట్టాల మధ్య ఉన్న బిడ్డ దగ్గరికి ఆమెను ఎన్నిసార్లు వెళ్ళనిచ్చారో ఆమెకే తెలుసు.

జ్ఞానస్నానానికి ముందే పోయిన బిడ్డల అంత్యక్రియల కోసం మీ పూజ గ్రంథంలోనే ప్రార్థనలున్నాయి. ఫాదర్‌గారిని అడగండి. బాబుకు పేరు పెట్టకపోయి ఉంటే ఇప్పుడైనా పెట్టండి. పూజలో ఆ పేరు పైకి చదవమని అడగండి. చదివేటప్పుడు మీ చెల్లెలి పక్కనే కూర్చోండి.